సవరణ: కార్బన్‌లో బ్యాక్టీరియా ఉండేది ఎక్కడ?

జర్మనీలో రూర్ నది ఒడ్డున ఉన్న ముల్‌హైమ్ ఊరి నీటి శుద్ధి గురించి పోయిన వారం రాశాను కదా, అందులో రెండు తప్పులు దొర్లాయి. 1970ల చివర్లో అక్కడ ముందుగా క్లోరిన్ కలిపే పద్ధతి మానేసి, ఓజోన్ వాయువు, ఆ తర్వాత బ్యాక్టీరియా పెరిగిన యాక్టివేటెడ్ కార్బన్ (సన్నటి రంధ్రాలుండే బొగ్గు గింజలు) వాడారు. అంతవరకు సరే.

‘ఓజోన్ సేంద్రియ పదార్థాన్ని పూర్తిగా కాల్చేస్తుంది’ అన్నాను. కాదు. కుళ్ళిన ఆకుల నుంచి వచ్చే పెద్ద అణువులను ముక్కలు చేస్తుంది, అంతే. ఆ ముక్కలు బ్యాక్టీరియాకు తేలిగ్గా అరుగుతాయి. అందుకే ఓజోన్ పెట్టి కార్బన్ పెట్టకపోతే ఆ మేత పైపుల్లోకి పోయి, సూక్ష్మజీవులు అక్కడే పెరుగుతాయి.

‘సూక్ష్మరంధ్రాల్లో బ్యాక్టీరియా కాపురం’ అన్నది ఇంకా పెద్ద పొరపాటు. ఆ రంధ్రం 2 నానోమీటర్ల లోపు, బ్యాక్టీరియా సుమారు 1000. సూది బెజ్జంలో రోకలి దూర్చినట్టే! అవి ఉండేది గింజ పైన, గరుకు పగుళ్ళలో. గింజలకు అంటుకుని, ఓజోన్ చేసిన ముక్కల్ని తినే ఆ బ్యాక్టీరియా జిగురు పొరే అసలు పనిమంతురాలు. దాని వల్ల కార్బన్ ఎక్కువ కాలం పనిచేస్తుంది.

ఇది చదివి మా బావ ‘అయితే ఇంట్లో ఫిల్టర్ మార్చక్కర్లేదన్నమాట’ అన్నాడు. మార్చాలి బావా! ప్లాంటులో ఆ కార్బన్‌ను మధ్యమధ్యలో ఎదురు నీటితో కడుగుతారు, బయటికొచ్చిన నీళ్ళలోని క్రిములను చంపాకే వదులుతారు. మన వంటింటి కార్ట్రిడ్జ్‌కి ఆ రెండూ ఎక్కడివి?