వాతావరణం గారికి, మూడు జీతాల విషయమై

మహారాజశ్రీ వాతావరణం గారికి నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి.

తమరి ఉద్యోగం ఏమిటో తేలక ఈ ఉత్తరం రాస్తున్నాను. మొన్న మావాడి సైన్స్ పరీక్షలో ‘వాతావరణం అనగానేమి?’ అని అడిగారు. వాడు కిటికీలోంచి తొంగి చూసి, ‘మబ్బుగా ఉంది, సాయంత్రం వాన పడొచ్చు’ అని రాశాడు. రెండు మార్కులకు సున్నా. పక్కన ఎర్రసిరాతో ‘భూమిని ఆవరించి ఉన్న గాలి పొర’ అని దిద్దారు. ఆ రాత్రే టీవీలో ‘రేపటి వాతావరణం’ మొదలైంది. “నాన్నా, రేపు గాలి పొర మారుస్తారా?” అన్నాడు. నేను చానల్ మార్చాను.

పుస్తకం ప్రకారం తమరి అసలు కొలువు గాలిదే. నూటికి 78 పాళ్లు నైట్రోజన్, 21 పాళ్లు ఆక్సిజన్, మిగతాది ఆర్గాన్ వగైరా చిల్లర. ఆ చిల్లరలోనే ఉండి, మొత్తం గాలిలో 0.04 శాతం కూడబెట్టుకున్న కార్బన్ డయాక్సైడే ఇప్పుడు అందరికీ టెన్షన్. సముద్రమట్టం దగ్గర చదరపు సెంటీమీటరుకు కిలో చొప్పున మా నెత్తిన కూర్చుని కూడా ఏమీ ఎరగనట్టు ఉండటం తమరికే చెల్లింది.

రెండో కొలువు ఎండా వానా ఉక్కా. ఆ హడావిడంతా దాదాపు అడుగునున్న ట్రోపో ఆవరణంలోనే. పై పొరలకు మా గొడుగుల గొడవ పట్టదు.

అసలు పేచీ మూడో జీతం దగ్గర. ఒకచోటి ఎండా వానా లెక్కలు 30 ఏళ్లపాటు రాసి సగటు తీస్తే వచ్చేది శీతోష్ణస్థితి. పాపం, పలకడానికి నోరు తిరగదని దాన్ని పాఠ్యపుస్తకంలోనే కూర్చోబెట్టి, ‘వాతావరణ మార్పు’ అంటూ ఆ కుర్చీ కూడా తమరికే ఇచ్చారు. దాంతో చలికాలం పొద్దున్నే మా బాబాయి దుప్పట్లోంచి తల బయటపెట్టి, “వాతావరణం వేడెక్కుతోందన్నావుగా, ఏదిరా?” అంటాడు. ఒక్క పొద్దుటికీ 30 ఏళ్లకీ ఒకటే మాటైతే ఆయన్నేం అనగలను? వాతం అంటే గాలి అని చెప్పినా నమ్మడు. ఆయనకు వాతం మోకాళ్లలో ఉంది.

ఇవి చాలక ‘ఉద్రిక్త వాతావరణం’, ‘స్నేహపూర్వక వాతావరణంలో చర్చలు’ అంటూ పైరాబడి ఒకటి.

తోబుట్టువుల సంగతి చూడండి. భూమి పైనున్న రాతి పొర, శిలావరణం, కంపిస్తే తప్ప దాన్ని పలకరించే దిక్కు లేదు. భూమి ఉపరితలంలో 71 శాతం సముద్రాలే అయినా, ‘ఇవాళ జలావరణం ఎలా ఉంది?’ అని ఎవరూ అడగరు. భూమ్మీదున్న నీళ్లన్నిటిలో తమరి దగ్గరుండేది లక్షలో ఒక వంతు. ఫ్రిజ్‌లోంచి తీసిన సీసా చుట్టూ బొట్లు బొట్లుగా చెమట పట్టించి, కింది పుస్తకం అట్ట తడిపి, సీసా కారుతోందని మాచేత తిప్పి తిప్పి చూపించేది ఆ కాస్త తేమతోనే. మేఘమూ వానా వరదా దాంతోనే. అప్పు తెచ్చేది సముద్రం దగ్గర, పేరు మాత్రం తమరిది.

కాబట్టి మూడో కొలువుకు రాజీనామా చేసి శీతోష్ణస్థితిని కుర్చీ ఎక్కనివ్వండి. మావాడి రెండు మార్కులూ ఇప్పించండి.

ఇట్లు,
తమరినే పీల్చి బతుకుతున్న విధేయుడు

తా.క.: బాబాయి మోకాళ్లు పట్టేశాయట, రేపు వాన ఖాయమంటున్నాడు. తమరి రెండో కొలువులో సగం ఆయనకూ ఇవ్వొచ్చేమో చూడండి.