గుండె పక్కన పెడితే గెలుస్తారా?

"గేమ్ థియరీ చెప్పే నిజం: ఎమోషన్ లేనివాడిదే గెలుపు." ఈ ఫార్వర్డ్ వారంలో నాలుగోసారి వచ్చింది. గేమ్ థియరీ అంటే ఎదుటివాడు ఏం చేస్తాడో అంచనా వేసి మన ఎత్తు ఎంచుకునే లెక్కల శాస్త్రం. పంపిన వాళ్లంతా నాకు కావలసినవాళ్లే కాబట్టి ఊరుకోలేక రాస్తున్నాను.

గేమ్ థియరీ మీద పనిచేసిన గణితవేత్త జాన్ నాష్‌కు నోబెల్ వచ్చింది కాబట్టి ఇది సైన్స్ అట. 1994లో వచ్చింది, నిజమే. ఆ బహుమతికీ ఈ మాటకూ సంబంధం లేదు.

"ఎంతిచ్చినా పుచ్చుకోవడమే తెలివి" అట. 1982లో జర్మనీలో ఆర్థికవేత్త గూత్, ఆయన సహచరులు దీన్నే పరీక్షించారు. ఒకరు డబ్బు పంచాలి, రెండోవారు వద్దంటే ఇద్దరికీ సున్నా. తర్వాత చాలా దేశాల్లో ఆడించి చూశారు. వందలో 20 కంటే తక్కువిస్తే దాదాపు సగం మంది విసిరికొడతారు. కొంతవరకు ఆ కోపానికి జడిసి పంచేవాడు సాధారణంగా 40, 50 ఇస్తాడు.

నాకు ఒళ్లు మండేది మూడోదానికి. 1962లో సోవియట్ యూనియన్ క్యూబాలో అణు క్షిపణులు పెట్టడంతో అమెరికాతో యుద్ధం అంచుదాకా వచ్చింది. ఆ క్యూబా సంక్షోభంలో అమెరికా అధ్యక్షుడు "కెనడీ అన్నీ లెక్కేసుకుని, కన్నార్పకుండా గెలిచాడు" అట. ఏం లెక్క? అక్టోబర్ 27న సోవియట్ సబ్‌మెరైన్ బీ-59ను పైకి రప్పించడానికి అమెరికా నౌకలు చిన్న పేలుడు గుండ్లు వదిలాయి. అందులో అణు టార్పెడో ఉందని ఆ నౌకల్లో ఎవరికీ తెలియదు. ఉందో లేదో అన్న అనుమానమైనా ఉంటే లెక్కలో వేసుకునేవాళ్లు. వాళ్ల లెక్కలో ఆ గడే లేదు! లోపలివాళ్లకేమో మాస్కోతో మాటల్లేవు, పైన యుద్ధం మొదలైందో లేదో తెలియదు. 40 డిగ్రీలు దాటిన వేడి, ఊపిరాడని గాలి. అందులో ఉన్న ఒకాయన తర్వాత చెప్పిన ప్రకారం, కెప్టెన్ సవిత్‌స్కీ కోపం పట్టలేక టార్పెడో సిద్ధం చేయమన్నాడు. అదే సబ్‌మెరైన్‌లో ఉన్న సీనియర్ అధికారి అర్ఖిపోవ్ నచ్చజెప్పి ఆపాడు.

ఇక్కడ ఒక్కటి ఒప్పుకుంటాను. కోపం ఆ రోజు ప్రపంచం మీదికి తెచ్చేదే, నిబ్బరమే కాపాడింది. కానీ ఆ నిబ్బరం గుండె లేనివాడిది కాదు. అర్ఖిపోవ్ అంతకు ముందు ఏడాదే కే-19 సబ్‌మెరైన్ రియాక్టర్ ప్రమాదంలో ఉన్నాడు. తోటివాళ్లు రేడియేషన్‌కు బలైపోయారు. అది చూసిన మనిషికి టార్పెడో అంటే అంకె కాదు.

ఇక కన్నార్పకపోవడం. యుద్ధమనే ముడి వేసిన తాడును చెరోవైపు లాగితే ఇంకా బిగుస్తుందని అక్టోబర్ 26న సోవియట్ నేత క్రుశ్చేవ్ కెనడీకి రాశాడు. భయపడ్డ మనిషి రాసిన ఉత్తరం అది. మర్నాడు రాత్రే కెనడీ, టర్కీలో అమెరికా పెట్టిన జూపిటర్ అణు క్షిపణులు తీసేస్తామని తమ్ముడితో సోవియట్ రాయబారికి రహస్యంగా కబురు పంపాడు. 1963 ఏప్రిల్ కల్లా తీసేశారు. మళ్లీ ఫార్వర్డ్ చేసేవాళ్లు దయచేసి ఈ నాలుగు ముక్కలూ కలిపి పంపండి.