దుప్పికి వెలుగు చూపించడం కూడా తప్పేనా?

విశాఖలో అర్ధరాత్రి నుదుటికి లైటు కట్టుకుని, నాటు తుపాకీ బండికి అడ్డంగా పెట్టుకుని కొండ వైపు వేటకి బయల్దేరే సోదరులను ఈ సమాజం బొత్తిగా అర్థం చేసుకోవడం లేదు. కరెంటు స్తంభం కూడా లేని చోటికి సొంత బ్యాటరీతో వెలుతురు మోసుకెళ్తున్నవాళ్లని దొంగల్లా చూస్తారా?

పైగా వాళ్ల దగ్గర లా పాయింటు ఉంది. 1972 వన్యప్రాణి చట్టంలో 17వ సెక్షన్ అని ఒకటుండేది. వేటకి లైట్లు వాడకూడదు (మాంసాహార జంతువు విషయంలో, అదీ లైసెన్సులో ప్రత్యేకంగా రాసిస్తేనే మినహాయింపు), పొద్దు గుంకాక తెల్లారేదాకా వేటాడకూడదు, బండి మీంచి కొట్టకూడదు, నీళ్ల దగ్గర మాటు వేయకూడదు. 1991లో ఆ సెక్షన్ మొత్తం ఎత్తేశారు. "లైటెయ్యొద్దని ఇప్పుడు ఎక్కడుందో చూపించు బావా" అని హనుమంతవాక టీకొట్టు దగ్గర ఒకాయన నన్ను నిలదీశాడు కూడా. నిజమే, లేదు. అసలు సరదా వేట లైసెన్సులే పోయాయి కాబట్టి లేదు. బస్సే రద్దు చేసి 'ఫుట్‌బోర్డుపై నిలబడరాదు' అన్న బోర్డు పీకేస్తే, ఇక ఫుట్‌బోర్డు మీద దర్జాగా వెళ్లొచ్చనుకునే తెలివి మనది!

ఇంతకీ ఈ వీరత్వం ఎలా ఉంటుందంటే, చీకట్లో చూడ్డానికి దుప్పి కంటి వెనక మెరిసే పొర ఒకటుంటుంది, లైటు పడగానే పొదల్లో రెండు కళ్లు తళుక్కుమని అదెక్కడుందో అదే చెప్పేస్తుంది, ఆ వెలుతురుకి కళ్లు బైర్లు కమ్మి ఎటు పరిగెత్తాలో తెలీక బిగుసుకుపోయి నిలబడుతుంది, అప్పుడు మనవాడు పది అడుగుల దూరం నుంచి కొట్టి, ఇంటికొచ్చి తన గురి గురించి వారం రోజులు చెబుతాడు.

"కుందేలు కోసం వెళ్లాం, ఏమీ దొరకలేదు, ఇంకేం కేసు?" అనేవాళ్లూ ఉన్నారు. ప్రయత్నించడం కూడా వేటేనని చట్టం రాసుకుంది, ఎంత మొండిదో చూడండి. కంబాలకొండ లాంటి అభయారణ్యంలోకైతే రాతపూర్వక అనుమతి లేకుండా ఆయుధంతో అడుగు పెట్టడమే నేరం. చిరుత, అలుగు (ఒళ్లంతా పొలుసులుండే పాంగోలిన్) లాంటి మొదటి షెడ్యూలు (చట్టం బాగా గట్టిగా కాపాడే జాబితా) ప్రాణి జోలికెళ్తే కనీసం 3 ఏళ్ల జైలు.

జైలంటే మనవాళ్లకి పెద్ద టెన్షన్ ఉండదు, బెయిలొస్తుందని ధీమా. నేరం రుజువైతే మాత్రం పట్టుబడ్డ లైటు, తుపాకీ, బండి మూడూ ప్రభుత్వానివైపోతాయి. బండి ఈఎంఐలు మాత్రం యథావిధిగా మీ ఖాతాలోంచే కట్ అవుతాయి.