సవరణ: లామినేషన్ ఫిల్మ్‌లో కాగితానికి తగలవలసిన వైపు

రోల్ లామినేషన్ మెషిన్‌కు ఫిల్మ్ ఎక్కించే పద్ధతిపై ఇదివరకు రాసిన పోస్టులో, ఫిల్మ్ మెరిసే వైపు కాగితానికి తగలాలని పేర్కొన్నాను. అది పొరపాటు. మెషిన్ మాన్యువళ్లు, ఫిల్మ్ తయారీదారుల సూచనలు చెప్పేది దీనికి పూర్తిగా వ్యతిరేకం: జిగురు పూత ఉన్న మసక వైపు కాగితానికి, మెరిసే పాలియెస్టర్ వైపు వేడి రోలర్లకు తగలాలి. మెషిన్‌లో పైన ఎక్కించే ఫిల్మ్ చుట్టకూ, కింద ఎక్కించే ఫిల్మ్ చుట్టకూ ఇదే వర్తిస్తుంది.

తారుమారైతే జిగురు కరిగి రోలర్లకు అంటుకుంటుంది, ఫిల్మ్ వాటి చుట్టూ చుట్టుకుపోతుంది. అప్పుడు మెషిన్ ఆపి, ప్లగ్ తీసి, రోలర్లు గోరువెచ్చగా మారాక మెత్తని బట్టతో రుద్ది జిగురు తీయాలే గాని బ్లేడుతో గీకకూడదు. రోలర్ల రబ్బరుపై పడిన గాటు ఆపైన చేసే ప్రతి షీటు మీదా అచ్చుపడుతుంది.

మ్యాట్ ఫిల్మ్‌కు మెరుపు గుర్తు పనికిరాదు, ఎందుకంటే దాని రెండు వైపులూ మసకగానే కనిపిస్తాయి. చిన్న ముక్క కత్తిరించి, బ్లేడు మొనతో రెండు వైపులా మెల్లగా గీసి చూస్తే, జిగురు వైపు పూత సన్నని పొట్టులా లేస్తుంది.

ఫిల్మ్ మందం పెరిగేకొద్దీ మెషిన్ వేగం తగ్గించాలని ఆ పోస్టులో చెప్పిన మాటలో మార్పు లేదు.