కొక్కెంతో చెడగొట్టిన తగాదా

నీళ్ల తగాదాకు కొలతలు అక్కర్లేదు, నోరుంటే చాలు. అనాదిగా వస్తున్న ఈ ఆచారాన్ని మంటగలిపిన నేరానికి జేమ్స్ బి. ఫ్రాన్సిస్ గారిని బోనెక్కించాలని నా మనవి.

1815లో ఇంగ్లండులో పుట్టిన ఈయన పద్దెనిమిదో ఏట అమెరికాకు ఓడెక్కి, మసాచుసెట్స్‌లోని లోవెల్‌లో కాలువల కంపెనీ కొలువులో చేరారు. మెర్రిమాక్ నది నీటితో అక్కడ బట్టల మిల్లులు తిరిగేవి. ఆ నీరు అమ్మేది కంపెనీ. తక్కువ ఇచ్చానని అమ్మేవాడు ఒప్పుకోడు, ఎక్కువ వాడానని కొనేవాడు ఒప్పుకోడు. హాయిగా సాగిపోవలసిన సంసారం! ఫ్రాన్సిస్ గారు ఊరుకోలేదు. బాయ్‌డెన్ అనే ఇంజనీరు చేసిన కొక్కేన్ని నీళ్లలో ముంచి, మెల్లగా పైకి లేపేవారు. మొన పైపొరను తాకగానే అక్కడ చిన్న బుడిపె లేస్తుంది. అదే నీటి మట్టం, అడుగులో వెయ్యోవంతు దాకా. ఇక బుకాయింపుకు చోటెక్కడ? కొలిచింది చాలక 1855లో పుస్తకం కూడా అచ్చు వేయించారు.

కొలవడం మరిగినవారు మిల్లులను తిప్పే నీటి చక్రాన్ని, అదే టర్బైనును, మాత్రం వదులుతారా? బాయ్‌డెన్ టర్బైనులో నీరు నడిమి నుంచి బయటికి చిమ్మేది. ఈయన బయటి నుంచి లోపలికి తిప్పారు. ఆ ఊహ అంతకుముందే హౌడ్ అనే ఆయనకు తట్టినా, రెక్కల వంపును లెక్కకట్టి నిలబెట్టింది ఈయనే. నీళ్లమ్ముకునే కంపెనీలో జీతం తీసుకుంటూ నీటిని పొదుపుచేసే చక్రం చేయడమంటే, కల్లు దుకాణంలో కూర్చుని మజ్జిగ పంచడమే.

1850లో కాలువ మీద ఇరవై టన్నుల పైచిలుకు కొయ్య తలుపు వేలాడదీశారు, వరదొస్తే దించడానికట. ఊరంతా ‘ఫ్రాన్సిస్ గారి పిచ్చి’ అని నవ్వింది. సభ్యసమాజం చేయవలసిన పనే అది. రెండేళ్లకే వరద వచ్చింది. తెల్లవారుజామున ఇనుప బంధాన్ని ఉలితో నరికించి తలుపు దించారు, ఊరు మునగలేదు. 1936లో మళ్లీ వరద వస్తే మళ్లీ అదే తలుపు. నవ్వినవాళ్ల మనవలకు కూడా నవ్వే అవకాశం దక్కకపోవడం ఎంత అన్యాయం!

అదృష్టవశాత్తు ఆ కొలతల అంటువ్యాధి కృష్ణ దాకా పూర్తిగా పాకలేదు. శ్రీశైలంలో కుడిగట్టున ఆంధ్రప్రదేశ్‌కు ఏడు, ఎడమగట్టున తెలంగాణకు ఆరు, అన్నీ ఫ్రాన్సిస్ రకం టర్బైన్లే. చక్రం తెచ్చుకున్నాం, కొక్కేన్ని ఒడ్డునే వదిలేశాం. దాన్ని కూడా తెప్పిద్దామని ఎవరైనా అంటే మాత్రం నేను ఒప్పుకోను.