టూల్ ఆల్బమ్ ఉత్త సాగదీతేనా?

అమెరికన్ బ్యాండ్ టూల్ 2019 ఆగస్టు 30న ‘ఫియర్ ఇనాక్యులమ్’ విడుదల చేసినప్పటి నుంచి మెటల్ వినేవాళ్ల మధ్య ఒక మాట తిరుగుతూనే ఉంది: “పదమూడేళ్లు బద్ధకంగా కూర్చున్నారు, పాత రిఫ్‌లనే (పదేపదే తిరిగొచ్చే గిటార్ ముక్కల్నే) పదేసి నిమిషాలు సాగదీశారు, గాయకుడు మేనార్డ్ పాడటమే మానేశాడు, ఖరీదైన ప్యాకింగ్ వల్లే నంబర్ వన్ అయింది.” నచ్చకపోతే నచ్చలేదనండి, గొడవ లేదు. ఈ కారణాలు మాత్రం నిలబడవు.

ముందు బద్ధకం సంగతి. 2006లో అంతకుముందు ఆల్బమ్ ‘10,000 డేస్’ వచ్చిన మరుసటి ఏడాదే ఆర్ట్‌వర్క్ మీద కేసు పడింది. దాని వెంట ఇన్సూరెన్స్ కంపెనీతో తగాదా. 2015 దాకా ఆ పీడ వదల్లేదు. ఈలోగా మేనార్డ్ జేమ్స్ కీనన్ తన వేరే బ్యాండ్‌లు పుసిఫర్‌తోనూ, ఎ పర్‌ఫెక్ట్ సర్కిల్‌తోనూ ఆల్బమ్‌లు చేశాడు. పైగా వీళ్ల పద్ధతే నిదానం. ఆడమ్ జోన్స్ (గిటార్), జస్టిన్ చాన్సెలర్ (బేస్), డానీ కేరీ (డ్రమ్స్) ముగ్గురూ సంగీతం పూర్తిగా కట్టి ఇచ్చాకే మేనార్డ్ మాటలు రాస్తాడు. ఆలస్యమైందని విసుక్కోండి, న్యాయమే.

నంబర్ వన్ సంగతి తొందరగా తేలిపోతుంది. ప్యాకింగ్‌లో నాలుగంగుళాల స్క్రీన్ బిగించిన ఆ సీడీ ఖరీదు విడుదలైనప్పుడు 45 డాలర్లు. అది అమ్మకాలకు సాయపడిందంటే ఒప్పుకుంటాను. అయితే ఆ ప్యాకెట్ చేతికి రాకముందే, ఆగస్టులోనే, పది నిమిషాలు దాటిన టైటిల్ ట్రాక్ అమెరికా పాటల చార్టు బిల్‌బోర్డ్ హాట్ 100లోకి ఎక్కింది. అంత పొడుగు పాట ఆ చార్టులోకి అంతకుముందు రాలేదు. దానికి ఏ స్క్రీన్ సాయం చేసింది?

అసలు గొడవంతా సాగదీత గురించే. ‘న్యూమా’ వినండి, దాదాపు పన్నెండు నిమిషాలు. మధ్యలో గిటార్ పక్కకు తప్పుకుంటుంది. సింథసైజర్ కింద తబలా లాంటి దెబ్బలు మొదలవుతాయి. అవి కేరీ ఎలక్ట్రానిక్ ప్యాడ్ల మీద వాయించేవి. ఈయన అలోక్ దత్తా దగ్గర తబలా నేర్చుకున్న మనిషి. ఆ దెబ్బలు మెల్లగా చిక్కబడి రిఫ్ తిరిగొచ్చేసరికి, మొదట్లో విన్న అవే స్వరాలు రెట్టింపు బరువుతో మీద పడతాయి. మధ్య భాగం కోసేస్తే ఆ బరువు ఉండదు. ఆలాపన మధ్యలో వాచీ చూసుకుంటూ “పల్లవి ఎప్పుడండీ?” అని అడిగేవాళ్లకు ఇది నచ్చదు, నిజమే. అలాగని అది పాట తప్పు కాదు.

పాత వాసన ఉందా? ఉంది. నెమ్మదిగా మొదలై పేరుకుంటూ పోయే ఆ కట్టు 2001 నాటి వీళ్ల ఆల్బమ్ ‘లాటరాలస్’ విన్నవాళ్లకు కొత్తేం కాదు. జోన్స్ గిటార్ టోన్ కూడా మారలేదు. కానీ ‘టెంపెస్ట్’ చూడండి (పేరులో మొదటి అక్షరం బదులు ఏడంకె వేశారు, ఆల్బమంతా వీళ్లకు ఏడు పిచ్చి). పదిహేను నిమిషాలు దాటిన ఆ పాటలో జోన్స్ ఇంతగా ఆరాటపడి వాయించడం పాత ఆల్బమ్‌లలో నాకు వినపడలేదు. 2020లో ఉత్తమ మెటల్ ప్రదర్శనకు గ్రామీ దానికే వచ్చింది. గ్రామీ వస్తే గొప్ప పాటని కాదు లెండి, ఆ అవార్డుల మెటల్ అభిరుచి మీద నాకూ పెద్ద గురి లేదు.

మేనార్డ్ తక్కువ పాడాడన్నది నిజం, పాడటం మానేశాడన్నది అబద్ధం. అప్పటికి ఆయనకు 55 ఏళ్లు. ‘ఇన్విన్సిబుల్’లో వయసు మీదపడిన యోధుడు తనింకా పనికొస్తానా అని కొట్టుకుంటాడు. ఆ మాటలు గొంతు చించుకుని అరిస్తే నమ్మబుద్ధి కాదు. ‘కల్లింగ్ వాయిసెస్’లో చాలాసేపు డ్రమ్సే ఉండవు, గిటార్ పక్కన ఆ సన్నటి గొంతే పాటను మోస్తుంది.

తిట్టాల్సిందేమైనా ఉంటే అది డిజిటల్ వెర్షన్‌లో ఇరికించిన మూడు చిన్న ముక్కల్ని. సీడీలో అవి లేవు, ఉండాల్సిన పనీ లేదు. ముఖ్యంగా ‘టెంపెస్ట్’ అయిపోయాక వచ్చే ‘మాకింగ్‌బీట్’. దాన్ని తీసేయమని అడిగేవాళ్లతో నేనూ గొంతు కలుపుతాను.