జిరాక్స్ షాపులో తగ్గించినంత మాత్రాన విమానం ఎగరదు

మా మేనల్లుడు ఇంజనీరింగ్ రెండో ఏడు చదువుతున్నాడు. పోయిన వారం నాకొక ఫార్వర్డ్ పంపి కింద "మామయ్యా, ఇంత ఈజీనా? మరి నువ్వేంటి ఒక్కోదానికి నాలుగు నెలలు తీసుకుంటావు?" అని అడిగాడు. అదే మెసేజ్ తర్వాత ఇంకో మూడు గ్రూపుల్లో తగిలింది. ప్లాన్ చూసి మోడల్ విమానం కట్టడం గురించి. అందులో ఉన్నది కుదించి చెప్తే ఇది: ఏ విమానం డ్రాయింగైనా నెట్‌లో దొరుకుతుంది, జిరాక్స్ షాపులో కావలసిన సైజుకి తీయించుకో, సైజు ఎంత తగ్గితే బరువూ అంతే తగ్గుతుంది, కొలత ఒక్క మిల్లీమీటరు కూడా మార్చకు, పెద్దది ఎగిరింది కాబట్టి చిన్నదీ ఎగిరి తీరుతుంది, బాల్సా (మోడళ్ళకి వాడే తేలికైన చెక్క) కోసం వెతకొద్దు, పల్చటి ప్లైవుడ్ చాలు, ఇంకా గట్టిది, బ్యాలెన్స్ సంగతి గాల్లో ట్రిమ్‌తో (రిమోట్ మీద చేసే చిన్న సర్దుబాటు) చూసుకోవచ్చు, బొమ్మే కదా, ఎక్కడైనా ఎగరేసుకో. చివర్లో సాక్ష్యంగా ఒక వీడియో, పసుపు రంగు పైపర్ కబ్ (రెండు సీట్ల పాతకాలపు చిన్న విమానం) మోడల్ ఒకటి గడ్డి మీద తేలుతూ దిగుతోంది.

వీడియో బాగుంది. ఆ కబ్‌నే పట్టుకుని చూద్దాం. ఆరో వంతు స్కేలులో ఒకటి కట్టాను, అంతకుముందు ఒకటి నాశనం చేశాను కాబట్టి ఆ విమానం సంగతి నాకు కాస్త తెలుసు.

ముందు బరువు. అసలు J-3 కబ్ రెక్క ఈ కొస నుంచి ఆ కొసకి 10.74 మీటర్లు, నిండు బరువు దాదాపు 550 కిలోలు. ఆరో వంతు చేస్తే రెక్క 1.79 మీటర్లు, అంటే పొడుగాటి మనిషి రెండు చేతులూ చాచినంత. మెసేజ్ చెప్పినట్టు బరువూ ఆరో వంతే అయితే 92 కిలోలు. ఆ బొమ్మని గ్రౌండుకి తీసుకెళ్ళడానికి ఆటో ట్రాలీ మాట్లాడుకోవాలి! పొడవు ఆరో వంతు, వెడల్పు ఆరో వంతు, ఎత్తూ ఆరో వంతు, కాబట్టి బరువు 216 వంతుల్లో ఒకటి కావాలి, అంటే సుమారు రెండున్నర కిలోలు. రెక్క వైశాల్యం మాత్రం 36 వంతుల్లో ఒకటే అవుతుంది, 16.6 చదరపు మీటర్ల నుంచి 0.46కి. అంటే పెద్దదాంట్లో చదరపు మీటరుకి 33 కిలోలు మోసే రెక్క చిన్నదాంట్లో ఐదున్నర మోస్తే చాలు. వీడియోలో అది అంత నింపాదిగా దిగడానికి కారణం ఇదే. పెద్ద కబ్ గంటకి 61 కిలోమీటర్ల దగ్గర స్టాల్ అవుతుంది, అంటే అంతకంటే నెమ్మదైతే రెక్క ఇక మోయలేదు, రెండున్నర కిలోల మోడల్ లెక్కప్రకారం 25 దగ్గర. అదే మోడల్‌ని నాలుగు కిలోలు చేసి పెట్టారనుకోండి, స్టాల్ 31కి పోతుంది, అప్పుడది తేలుతూ దిగదు, ఉరుకుతూ దిగుతుంది.

సరే, 216 వంతు దానంతట అదే వస్తుందా అంటే అదీ రాదు. కబ్ బాడీ స్టీలు గొట్టాలతో వెల్డింగ్ చేసిన చట్రం. ఒక మిల్లీమీటరు మందం గోడ ఉన్న గొట్టాన్ని ఆరో వంతు చేస్తే మందం 0.17 మిల్లీమీటర్లు, వేలితో నొక్కితే సొట్ట పడుతుంది. అందుకే మోడల్ ప్లాన్ గీసేవాడు లోపలి ఎముకల గూడుని తగ్గించడు, బాల్సాకి తగ్గట్టు మొత్తం మళ్ళీ ఆలోచిస్తాడు. పైరూపం మాత్రమే స్కేలు. నెట్‌లో ఎక్కడపడితే అక్కడ దొరికేది ముందు నుంచి, పక్క నుంచి, పై నుంచి గీసిన మూడు బొమ్మలు. అది విమానం డ్రాయింగ్, మోడల్ ప్లాన్ కాదు. ఈ రెండిటికీ తేడా తెలియకుండానే ఆ మెసేజ్ మొదటి వాక్యం రాశారు.

ఇక జిరాక్స్. నిజమైన మోడల్ ప్లానే దొరికింది, 1.2 మీటర్ల రెక్కది, దాన్ని 1.8 మీటర్లకి పెంచారనుకుందాం. ఒకటిన్నర రెట్లు. 3 మిల్లీమీటర్ల షీటు దూరాల్సిన గాడి నాలుగున్నర అవుతుంది, షాపులో నాలుగున్నర మిల్లీమీటర్ల బాల్సా అడిగి చూడండి. రిబ్బుకీ రిబ్బుకీ (రెక్కకి ఆకారమిచ్చే అడ్డ పలకలు) మధ్య 60 మిల్లీమీటర్లు ఉన్నది 90 అవుతుంది, పైన అంటించే కవరింగ్ ఆ మధ్యలో కుంగిపోయి రెక్క ఆకలితో ఉన్న ఆవు డొక్కలా కనిపిస్తుంది. పెంచొద్దని కాదు, పెంచాక ప్రతి గాడీ, ప్రతి మందం, రిబ్బుల లెక్కా మళ్ళీ గీసుకోవాలి, ఆ పని మెషీను చేయదు. పైగా కొన్ని పాత మెషీన్లు కాగితాన్ని లాగేటప్పుడు ఒక దిక్కున కాస్త సాగదీస్తాయి. ఇంట్లో ఏ4 కాగితాల మీద ముక్కలుగా తీస్తే "పేజీకి సరిపెట్టు" అనే ఆప్షన్ మనకి చెప్పకుండానే మూడు నాలుగు శాతం మింగేస్తుంది, 6 మిల్లీమీటర్ల స్పార్ (రెక్క పొడవునా పోయే కర్ర) గాడి 5.8 అయి కూర్చుంటుంది. అందుకే మంచి ప్లాన్ మీద ఓ మూల కొలత గీత ఉంటుంది. ముందు దాన్ని కొలవాలి, తర్వాతే కత్తి పట్టాలి.

ఇంకోటి, చాలా ప్లాన్ల మీద ఒక రెక్కే గీసి ఉంటుంది. రెండోదానికి కాగితం మీద కాస్త నూనె రాస్తే గీతలు వెనక్కి కనిపిస్తాయి, తిరగేసి సాఫ్ట్‌బోర్డు మీద పరిచి, పైన పాలిథీన్ షీటు వేసి (లేకపోతే ఫెవికాల్‌తో ప్లానూ రెక్కా ఒకటైపోతాయి) గుండుసూదులతో కట్టుకోవాలి. ఈ ముక్క ఎవరూ చెప్పక నేను మొట్టమొదటిసారి రెండు కుడి రెక్కలు కట్టాను. నవ్వుకోండి పర్లేదు.

"ఒక్క మిల్లీమీటరు కూడా మార్చకు" అన్న మాట దగ్గర కొంచెం ఆగాలి, ఎందుకంటే వినడానికి ఇది చాలా నిజాయితీగా ఉంటుంది. విమానాన్ని తగ్గించొచ్చు, గాలిని తగ్గించలేం. అదే గాలి, అదే జిగట. రెక్క వెడల్పూ వేగమూ తగ్గేకొద్దీ ఆ జిగట ప్రభావం పెరుగుతుంది. దీన్ని కొలిచేది రేనాల్డ్స్ సంఖ్య. మామూలు వేగంలో పెద్ద కబ్ రెక్కకి అది 37 లక్షల దాకా ఉంటుంది, ఆరో వంతు దానికి రెండున్నర లక్షలు. అంత తక్కువ సంఖ్య దగ్గర గాలి రెక్క పైభాగాన్ని తొందరగా వదిలేస్తుంది. కబ్ దీన్ని తట్టుకుంటుంది, ఎందుకంటే దాని రెక్క వెడల్పు, మొదలు నుంచి దాదాపు చివరి దాకా ఒకే వెడల్పు, అడుగు భాగం ఇంచుమించు చదును. మెసేజ్ వాళ్ళు సాక్ష్యంగా కబ్‌నే పెట్టడం తెలివో అదృష్టమో తెలీదు. అదే పని రెండో ప్రపంచ యుద్ధపు ఫైటర్ స్పిట్‌ఫైర్‌తో చేసి చూపించమనండి. ఆ రెక్క కొసకి వెళ్ళేకొద్దీ సన్నబడుతుంది. అసలు విమానంలోనే రెక్క మొదలు దగ్గర రెండు డిగ్రీల కోణం, కొసన మైనస్ అర డిగ్రీ పెట్టి మెలి తిప్పారు, కొసలు ముందుగా స్టాల్ కాకూడదని. చిన్న మోడల్‌లో కొస ఇంకా సన్నం, అక్కడ రేనాల్డ్స్ సంఖ్య ఇంకా తక్కువ. కాబట్టి చాలామంది ఆ మెలిక ఇంకొంచెం పెంచుతారు, కొసన రెక్క ఆకారం మారుస్తారు. లేకపోతే దిగడానికి వేగం తగ్గించగానే ఒక రెక్క టక్కున పడిపోతుంది. రిమోట్ లేకుండా రబ్బరు బ్యాండుతో ఎగిరే ఫ్రీ ఫ్లైట్ మోడళ్ళలో తోక రెక్కని పెద్దది చేయడం, రెక్కల కొసలు ఇంకాస్త పైకి లేపడం కూడా మామూలే, లోపల సరిదిద్దేవాడు ఎవరూ లేరు కదా. వాళ్ళని మోసగాళ్ళనుకోకండి. రిమోట్ కబ్‌కి మాత్రం స్కేలు తోక సరిపోతుంది, ఆ మేరకు మెసేజ్ కరెక్టే.

చెక్క, బ్యాలెన్స్ కలిపి చెప్తాను, ఎందుకంటే నా మొదటి కబ్‌ని ఈ రెండూ కలిసే కూల్చాయి. బాల్సా అంటే ఒకే చెక్క కాదు. 3 అంగుళాల వెడల్పు, 36 అంగుళాల పొడవు, అంగుళంలో పదహారో వంతు మందం ఉన్న షీట్లు రెండు పక్కపక్కన పెడితే చూడ్డానికి ఒకేలా ఉంటాయి, ఒకటి 11 గ్రాములు తూగొచ్చు, ఇంకొకటి 26. బరువైనది స్పార్లకి, మధ్యరకం రిబ్బులకి, అన్నిటికంటే తేలికైనది తోకకి. షాపుకి వెళ్ళేటప్పుడు జేబులో చిన్న డిజిటల్ కాటా పెట్టుకుని పోతాను, షాపతను ఇప్పుడు అలవాటుపడ్డాడు. మంచి ప్లైవుడ్ అదే సైజులో బాల్సా కంటే నాలుగైదు రెట్లు బరువు. అది ఇంజిను బిగించే చోట, చక్రాల కాళ్ళ దగ్గర కావాలి, అక్కడ బాల్సా పెడితే మొదటి ల్యాండింగ్‌కే చీలిపోతుంది. నేనేం చేశానంటే, గట్టిగా ఉంటుందని తోక మొత్తం 3 మిల్లీమీటర్ల ప్లైవుడ్‌తో కోశాను. దాదాపు 100 గ్రాములు ఎక్కువైంది.

100 గ్రాములే కదా అనుకున్నాను. కబ్ ముక్కు పొట్టి, తోక పొడుగు. బ్యాలెన్స్ పాయింట్ నుంచి తోక ఉన్న దూరం ముక్కు దూరానికి సుమారు మూడు రెట్లు. కాబట్టి తోకలో ఒక గ్రాము పెరిగితే ముక్కులో మూడు గ్రాముల సీసం పెట్టాలి. ఆరో వంతు కబ్ రెక్క వెడల్పు 267 మిల్లీమీటర్లు, సీజీ, అంటే ఆ బ్యాలెన్స్ పాయింట్, రెక్క ముందంచు నుంచి 25 నుంచి 30 శాతంలో, అంటే 67 నుంచి 80 మిల్లీమీటర్ల మధ్య ఉండాలి. నాకు 300 గ్రాముల సీసం పెట్టడానికి మనసొప్పలేదు, సగం పెట్టి, మిగతాది ట్రిమ్‌తో చూసుకుందాం అనుకున్నాను, అచ్చం ఆ మెసేజ్‌లో లాగే. ట్రిమ్ చేసేది ఎలివేటర్ (తోక మీద పైకీ కిందికీ కదిలే పలక) ఎక్కడ నిలబడాలో మార్చడం మాత్రమే, బరువుని అంగుళం కూడా జరపదు. సీజీ బాగా వెనక ఉంటే ముక్కు కాస్త లేచిందంటే ఇంకా లేస్తుంది, కిందికి నొక్కితే అవసరానికి మించి దిగుతుంది, మన చేతులు దాని వెనకాల పరిగెత్తాలి. నాది నేల వదిలాక ముక్కు పైకెత్తింది, నేను నొక్కాను, మళ్ళీ ఎత్తింది, ఎడమ రెక్క జారింది. ఐదు సెకన్లు. నాలుగు నెలల పని. రెండోదానికి తోక తేలిక బాల్సాతో కట్టి బ్యాటరీని ముక్కులోకి నెడితే సీసం అసలు అక్కర్లేకపోయింది.

"ఎక్కడైనా ఎగరేసుకో" గురించి ఎక్కువ చెప్పను. డ్రోన్ రూల్స్ 2021 మన మోడళ్ళకీ వర్తిస్తాయి. 250 గ్రాములు దాటితే నానో కాదు, 2 కిలోలు దాటితే మైక్రో కూడా కాదు, మన కబ్ స్మాల్ కేటగిరీలోకి వస్తుంది. డిజిటల్ స్కై అనే ప్రభుత్వ డ్రోన్ సైటు మ్యాప్‌లో మీ గ్రౌండు ఏ రంగులో ఉందో చూసుకోండి, రెడ్ జోన్‌లో కేంద్రం అనుమతి లేకుండా ఎగరేయడానికి లేదు.

ఇదంతా మా మేనల్లుడికి వాయిస్ మెసేజ్‌లో చెప్తే, "సరే మామయ్యా, నీ ప్లానే పంపు, నేనూ కడతా" అన్నాడు. పీడీఎఫ్ పంపి, ప్రింటు తీశాక ముందు మూలనున్న 100 మిల్లీమీటర్ల గీత కొలవమన్నాను. రాత్రి ఫొటో పెట్టాడు, గీత పక్కన స్టీలు స్కేలు పెట్టి. 97.